రాగి రేకు మీద యుద్ధం: ఎచింగ్, అక్వాటింట్‌తో అచ్చు వేసే పద్ధతి

ఎచింగ్ అంటే మైనపు పూత ఉన్న రాగి రేకు మీద సూదితో గీసి, ఆ గీతల్ని యాసిడ్‌తో కొరికించి, వాటిలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీయడం. అక్వాటింట్ అంటే అదే రేకు మీద రోజిన్ పొడితో ఛాయలు తేవడం. సూది చేతిలోకి తీసుకునే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. బొమ్మ చూసేవాళ్లను ఎక్కడ నిలబెడుతున్నారు? కొండ మీదనా, నేల మీదనా? రేకు సైజు, గీత లావు, యాసిడ్‌లో ఉంచే నిమిషాలు, తెల్లగా వదిలేసే చోటు, అన్నీ ఈ నిర్ణయం వెంటే నడుస్తాయి.

లొరైన్ ప్రాంతానికి చెందిన ఎచింగ్ కళాకారుడు జాక్ కాలో ఈ రెండు చోట్లా నిలబడి చూపించాడు. స్పెయిన్ రాచకుటుంబానికి చెందిన ఇసబెల్లా కోసం నెదర్లాండ్స్‌లోని బ్రెడా నగరపు ముట్టడిని 6 రేకుల మీద పరిచాడు. అది సగం పటం, సగం బొమ్మ. పైనుంచి చూస్తుంటే దండు చీమలబారులా ఉంటుంది, మనిషి ముఖం కనిపించదు. గెలిచినవాళ్లు డబ్బిచ్చి వేయించుకునే బొమ్మ సాధారణంగా ఇలాగే ఉంటుంది. అదే కాలో 1633లో యుద్ధ దుర్దశల మీద 18 చిన్న రేకులు వేశాడు. ఒక్కొక్కటి ఎత్తు 8 సెంటీమీటర్లు, వెడల్పు 18 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అందులో ఒకదాంట్లో పెద్ద చెట్టు, దాని కొమ్మలకు ఉరితీసిన దొంగ సిపాయిలు. కింద ఉన్న పద్యం వాళ్లను చెట్టుకు వేలాడే దౌర్భాగ్యపు కాయలంటుంది.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే 1799 శ్రీరంగపట్నం. టిప్పు సుల్తాన్ కోట పడిపోయిన మరుసటి ఏడాదే రాబర్ట్ కెర్ పోర్టర్ లండన్‌లో కూర్చుని ఆ దాడిని భారీ చిత్రంగా గీశాడు, వెండ్రామిని దాన్ని రేకుల మీద చెక్కాడు. బీటలు వారిన గోడ ఎక్కుతున్న బ్రిటిష్ సైన్యం, కత్తులు, పొగ. చూసేవాడు గెలిచేవాళ్ల పక్కన నిలబడి ఉంటాడు. పనితనానికి వంక పెట్టలేం. కానీ ఆ గోడ లోపల ఉన్నవాళ్లకు ఏం జరిగిందో ఆ చోటి నుంచి కనిపించదు.

స్పెయిన్ చిత్రకారుడు గోయా కిందికి దిగాడు. నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించిన 1808-1814 యుద్ధం, మాడ్రిడ్ కరువు, ఆ తర్వాతి అణచివేత మీద 1810 నుంచి సుమారు పదేళ్లలో 82 రేకులు చేశాడు. 26వ రేకు తీసుకోండి. దాని కింద 'చూడలేం' అని ఉంటుంది. చీకటి గుహలాంటి చోట ఆడవాళ్లు, మగవాళ్లు మోకాళ్ల మీద ఉన్నారు. కుడి అంచు నుంచి బయొనెట్ల (తుపాకీ కొసకు బిగించే కత్తుల) మొనలు మాత్రం లోపలికి వచ్చాయి. సిపాయి ఒక్కడూ లేడు. చంపేవాడిని కాగితం బయట నిలబెట్టడం వల్ల చూసేవాళ్ల కళ్లన్నీ చావబోయేవాళ్ల మీదికే పోతాయి. మొదటి రేకుకు ఇదే కూర్పు పెట్టుకోమని మా సలహా. ఒక మూల మనుషులు, ఎదుటి అంచు నుంచి ఆయుధం, మధ్యలో ఖాళీ. ఇందులో గీత, ఛాయ, తెలుపు మూడూ నేర్చుకోవచ్చు.

రేకు సిద్ధం చేయడం

1 నుంచి 1.2 మిల్లీమీటర్ల మందం రాగి రేకు, 15 × 20 సెంటీమీటర్లు చాలు. గోయా ఈ వరసలో వాడిన రేకులు చాలావరకు ఇంచుమించు ఇంతే. యుద్ధకాలంలో రాగి దొరక్క ఆయన తన పాత ప్రకృతి దృశ్యాల రేకుల్ని రెండు ముక్కలు చేసి వెనకవైపు కూడా గీశాడు.

నాలుగు అంచుల్నీ ఆకురాయితో 45 డిగ్రీల వాలుకు అరగదీయాలి. బద్ధకించి ఇది వదిలేస్తే ప్రెస్‌లో తడి కాగితం అంచు వెంట చిరుగుతుంది, కాగితం మీద పరిచే ఫెల్టు (మందపాటి ఉన్నిగుడ్డ) కూడా పాడవుతుంది. తర్వాత 400, 800, 1200 నంబరు నీటి సాండ్‌పేపర్లతో నునుపు చేయండి. చివరగా జిడ్డు తీయాలి. మెత్తటి సుద్ద పొడిలో నాలుగు చుక్కల అమోనియా వేసి దూదితో రుద్ది, ధారగా నీళ్లు పోయండి. నీరు పొరలా రేకంతా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. చుక్కలుగా విడిపోతే ఇంకా ఉన్నట్టు, మళ్లీ రుద్దాలి. సుద్దకు బదులు ముగ్గుపిండి వాడొద్దు. అందులోని రాతి నలుసులు పెట్టే సన్నని గీతలు అచ్చులో ఆకాశం నిండా కనిపిస్తాయి.

గ్రౌండ్‌కి, అంటే యాసిడ్ రాగికి తగలకుండా ఆపే పూతకి, పాత పాళ్లే ఇప్పటికీ నమ్మకమైనవి: తేనెమైనం 2 పాళ్లు, ఆస్ఫాల్టమ్ (తారులాంటి నల్లటి పదార్థం) 2 పాళ్లు, రోజిన్ (ఎండిన పైన్ చెట్టు బంక) 1 పాలు. సన్నసెగ మీద కరిగించి, ఉండలు చేసి పెట్టుకోవాలి. రేకును హాట్‌ప్లేట్ మీద వేడిచేసి, ఉండ తాకితే కరిగేంత వేడి రాగానే పలచగా రాసి తోలు రోలర్‌తో సమం చేయాలి. లేత తేనె రంగు వస్తే సరిపోతుంది. ముదురు గోధుమ రంగు అయిందంటే మందం ఎక్కువైంది, సూది పోయినచోట గీత పెచ్చులూడుతుంది. రేకు నుంచి పొగ లేస్తే గ్రౌండ్ మాడిందని అర్థం, అది యాసిడ్‌లో ఊడిపోతుంది. తుడిచేసి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు. చివర్లో రేకును తలకిందులుగా పట్టుకుని మైనపు వత్తుల మంటతో పొగబట్టిస్తే గ్రౌండ్ నల్లబడుతుంది. అప్పుడు సూది గీసిన చోట రాగి మెరుస్తూ కనిపిస్తుంది.

బొమ్మ ఎక్కించడం, కుడిఎడమల తంటా

రేకు మీద ఉన్నది కాగితం మీద తిరగబడుతుంది. యుద్ధం బొమ్మలో ఇది మామూలు బొమ్మల్లో కంటే ఎక్కువ ప్రమాదం. ఖడ్గం పట్టినవాడు ఎడమచేతి వాటం అయిపోతాడు, ఒర నడుముకు అవతలి పక్కకు పోతుంది. చెకుముకి తుపాకీలో చెకుముకి సాధారణంగా కుడివైపు ఉంటుంది. అచ్చులో అది ఎడమకు మారితే తెలిసినవాళ్లు మొదటి చూపులోనే పట్టేస్తారు, ఆ క్షణం నుంచి బొమ్మలోని మిగతా నిజాన్ని కూడా నమ్మరు.

తేలికైన ఉపాయం ఉంది. పలచని కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో బొమ్మ సరైన దిక్కులో గీయండి. కాగితాన్ని కొద్దిగా తడిపి, బొమ్మ ఉన్నవైపు గ్రౌండ్ మీద బోర్లించి, తక్కువ ఒత్తిడితో ప్రెస్‌లో నడపండి. పెన్సిల్ గీత తిరగబడి రేకుకు అంటుతుంది, అచ్చులో మళ్లీ తిరగబడి సరిగ్గా వస్తుంది. గోయా ఎర్ర సుద్ద బొమ్మలతో ఇదే చేశాడు. ఆ బొమ్మలు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. బయొనెట్లు అచ్చులో కుడి నుంచి రావాలంటే రేకు మీద ఎడమ నుంచి వస్తుండాలి. సూది పెట్టే ముందు పక్కన అద్దం పెట్టుకుని ఒకసారి సరిచూసుకోండి.

సూదితో రాగిని తవ్వకండి. గ్రౌండ్‌ను తొలగిస్తే చాలు, తవ్వే పని యాసిడ్‌ది. కాలో పనితనం కావాలంటే లావు ఉక్కు సూది మొనను ఏటవాలుగా అరగదీయండి. గీస్తూ వేళ్ల మధ్య కొద్దిగా తిప్పితే గీత సన్నగా మొదలై ఉబ్బి మళ్లీ సన్నబడుతుంది. గోరంత సిపాయి ఒళ్లు అలాంటి రెండు మూడు గీతల్లో నిలబడుతుంది. అన్ని ఆకారాలకూ చుట్టూ గీత గీసి లోపల నింపడం కొత్తవాళ్లు చేసే తప్పు. దాంతో గుంపు మొత్తం కాగితం బొమ్మలు కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. వెలుగు పడేవైపు గీత తెగిపోనివ్వండి. చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ ఎచింగ్‌ల విషయం వేరే అయినా, ఒకే రేకులో గీత ఎన్ని రకాలుగా మెదలగలదో చూడటానికి తెలుగువాళ్లకు అంతకంటే దగ్గరి పాఠం లేదు.

యాసిడ్: దూరాన్ని నిమిషాల్లో కొలవడం

ఫెర్రిక్ క్లోరైడ్ వాడండి, నైట్రిక్ యాసిడ్ జోలికి ఇంట్లో పోవద్దు, దాని పొగ ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. ఫెర్రిక్ క్లోరైడ్ సర్క్యూట్ బోర్డుల సామాను అమ్మే కొట్లలో దొరుకుతుంది. 40 డిగ్రీల బోమె ద్రావణం కావాలి (బోమె అంటే ద్రావణం చిక్కదనాన్ని చెప్పే కొలమానం). గడ్డలు కొని కలుపుకుంటే గడ్డల్ని నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి తప్ప గడ్డల మీద నీళ్లు పోయకూడదు, బాగా వేడెక్కుతుంది. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె దగ్గరికి కూడా రానివ్వద్దు. ప్లాస్టిక్ ట్రే చాలు.

ఫెర్రిక్ రాగిని కొరికేటప్పుడు బురదలాంటి మడ్డి గీతల్లో పేరుకుని కొరకడం ఆపేస్తుంది. అందుకే రేకును ట్రేలో చిన్న ప్లాస్టిక్ ముక్కల మీద బోర్లించి పెట్టాలి, లేదా నిలువు తొట్టిలో వేలాడదీయాలి. వెనకవైపు, అంచులు ముందే వార్నిష్‌తో మూసేయండి.

దూరం, దగ్గర చూపించే పని ఇక్కడే జరుగుతుంది. గది వేడి 27 డిగ్రీలు ఉంటే 7 నిమిషాలకు రేకు తీసి, కడిగి, ఆరబెట్టి, దూరంగా ఉన్న పొగ, శిథిలాలు, అవతలి గుట్టను స్టాప్-అవుట్ వార్నిష్‌తో మూసేయండి. మళ్లీ పెట్టి, మొత్తం 20 నిమిషాలు పూర్తయ్యాక నడిమి మనుషుల్ని మూసేయండి. ముందున్న చేతులు, బయొనెట్లు, మోకాళ్ల కింద నేల మొత్తం 50 నిమిషాల దాకా ఉండాలి. మే నెలలో గది 38 డిగ్రీలకు పోతే పని చాలా త్వరగా అయిపోతుంది, గడియారాన్ని నమ్మొద్దు. అదే రేకు నుంచి కోసిన చిన్న ముక్క మీద గీతలు పెట్టి, ఆ రోజే పరీక్షించి, దాన్ని బట్టి నిమిషాలు నిర్ణయించుకోండి.

గ్రౌండ్‌లో కంటికి కనిపించని రంధ్రాలుంటే అక్కడ కూడా యాసిడ్ కొరికి నల్లచుక్కలు వస్తాయి. ఖాళీ ఆకాశంలో వస్తే బర్నిషర్‌తో (రాగిని నునుపు చేసే ఉక్కు పనిముట్టుతో) రుద్ది తీయాలి. నేల మీద వస్తే వదిలేయొచ్చు, యుద్ధభూమికి అవి నప్పుతాయి. పని అయ్యాక ఉప్పు కలిపిన వెనిగర్‌తో రేకు తుడిచి కడగండి. వాడేసిన ఫెర్రిక్‌ను సింకులో పారబోయకూడదు. అది ఇనుప, రాగి గొట్టాల్ని తినేస్తుంది, అందులో కరిగిన రాగి కాలువలో చేపల్ని చంపుతుంది. బట్టల సోడా నీళ్లు కొద్దికొద్దిగా పోస్తే నురగ వచ్చి మడ్డి అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని డబ్బాలో నిలవచేసి రసాయన వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.

అక్వాటింట్: చీకటి ఎక్కడ, తెలుపు ఎక్కడ

గీత ఆకారాన్ని చెబుతుంది. భయాన్ని చెప్పేది ఛాయ. గ్రౌండ్ మొత్తం కడిగేసి, మళ్లీ జిడ్డు తీసి, మెత్తటి రోజిన్ పొడిని మస్లిన్ గుడ్డ మూటలో కట్టి రేకు మీద తట్టండి. పొడి రేకులో సగం మేర కప్పాలి, సగం రాగి కనిపించాలి. కింది నుంచి వేడిచేస్తే తెల్లటి పొడి చుక్కలుగా కరిగి పారదర్శకం అవుతుంది. ఆ మార్పు రేకు అంతటా వచ్చిన వెంటనే వేడి ఆపేయండి. ఇంకో పది క్షణాలు ఎక్కువైతే చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసి పొర అవుతుంది, యాసిడ్‌కు దారి ఉండదు, ఛాయ రాదు. తక్కువైతే చుక్కలు అంటుకోక యాసిడ్‌లో కొట్టుకుపోయి మచ్చలు పడతాయి. రోజిన్ పొడి గాల్లో ఉన్నప్పుడు మంట తగిలితే పేలుతుంది. పొడి వేసే చోటు, వేడిచేసే చోటు వేరువేరుగా ఉండాలి. ఎన్-95 మాస్కు లేకుండా మూట ముట్టొద్దు.

ఛాయలు నాలుగు చాలు. ఎక్కువ పెడితే అంతా బూడిద రంగై చదునుగా ఉంటుంది. ముందుగా పూర్తి తెలుపుగా ఉండాల్సినవి మూసేయండి. మోకరించిన మనిషి చొక్కా, ఒక చెయ్యి, బయొనెట్ల పైఅంచు. ఆ తర్వాత 30 సెకన్లు, 1 నిమిషం, 3 నిమిషాలు, చివర 12 నిమిషాలు, ప్రతి ముంపుకూ మధ్య కొంత మూస్తూ రండి.

బయొనెట్ దగ్గర ఓపిక పట్టండి. అది రేకు మీద 4 సెంటీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. కింది అంచుకు మాత్రం ఒకే గీత, అది 50 నిమిషాలు కొరికిన గీత. పైఅంచుకు గీత లేదు. అక్కడ సన్నని కుంచెతో వార్నిష్ పూసి, మొన వైపు కుంచెను ఎత్తేస్తూ పోవాలి. చుట్టూ 12 నిమిషాల నలుపు దిగాక, గీయని ఆ అంచే కాగితం తెలుపుతో మెరుస్తుంది. రెండు అంచులకూ గీత పెడితే అది కర్రలా ఉంటుంది.

రక్తానికి ఎర్ర సిరా వాడొద్దు. ఈ విషయంలో మాకు ఏ అనుమానమూ లేదు. ఎరుపు కనిపించగానే కన్ను అక్కడికి పరిగెత్తి ముఖాల్ని వదిలేస్తుంది. గోయా, జర్మన్ కళాకారులు డిక్స్, కొల్విట్జ్ ముగ్గురూ నలుపు తెలుపుల్లోనే అంత చెప్పారు.

కందకాల బురద, కుళ్లిన గోడ కావాలంటే ఒట్టో డిక్స్‌ను చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెషిన్‌గన్ దళంలో పనిచేసిన ఆయన 1924లో 50 ఎచింగ్‌లు విడుదల చేశాడు. అక్వాటింట్ వేసి, మళ్లీమళ్లీ కొరికించి, రేకు ఉపరితలాన్నే పుండు చేశాడు. మీరూ వార్నిష్‌ను అక్కడక్కడ గీరి గంటసేపు యాసిడ్‌లో వదలొచ్చు. కానీ వెడల్పుగా తెరిచిన చోట సిరా నిలవదు, అంచుల్లో మాత్రమే పట్టి మధ్యలో పాలిపోయి వస్తుంది. నలుపు కావాలనుకుంటే కొరికించే ముందు ఆ చోట రోజిన్ వేసి తీరాలి.

అచ్చు తీయడం

250-300 జీఎస్ఎం పత్తి కాగితాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, బ్లాటింగ్ కాగితాల మధ్య అద్ది, మెరుపు పోయేదాకా ఆరనివ్వండి. రేకును గోరువెచ్చగా చేసి చిక్కటి ఎచింగ్ సిరా అట్టముక్కతో గీతల్లోకి నొక్కాలి. గంజి గట్టిగా పెట్టిన పలచని గుడ్డను ఉండలా పట్టి, గుండ్రంగా తిప్పుతూ తుడవాలి. చివర్లో అరచేతికి కాస్త సుద్ద రాసుకుని, తెలుపు ఉండాల్సిన చోట్ల మాత్రం తుడవండి.

ఈ తుడుపులోనే బొమ్మ బతుకుతుంది లేదా చస్తుంది. గోయా బతికుండగా ఈ వరస ప్రచురించలేదు, 1828లో చనిపోయాడు. మాడ్రిడ్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ సాన్ ఫెర్నాండో 82లో 80 రేకులతో 1863లో మొదటి ఎడిషన్ వేసింది. అచ్చువేసినవాళ్లు ఆనాటి అలవాటు ప్రకారం రేకు మీద సిరా పొర వదిలేశారు. గోయా తనకోసం తీసుకున్న ప్రూఫుల్లో (పరీక్ష అచ్చుల్లో) తెలుపు తెల్లగా, గీత పదునుగా ఉంటుంది. 1863 ప్రతుల్లో ఆ తెలుపు మీద మసక పరుచుకుంది. ఒకే రేకు, రెండు తుడుపులు. ఖాళీ ఆకాశం కింద ఒంటరిగా ఉన్న శవం, సాయంత్రపు దృశ్యంలా మెత్తబడిపోతుంది. కాబట్టి ఆ చొక్కా, ఆ బయొనెట్ అంచు దగ్గర సిరా నలుసు కూడా మిగల్చొద్దు.

ప్రెస్‌లో రేకు, దాని మీద కాగితం, ఆపైన మూడు ఫెల్టులు. ఆగకుండా, నెమ్మదిగా తిప్పండి. తెల్లచుక్కలు వస్తే కాగితం ఆరిపోయింది. గీతల పక్కన సిరా కారితే సిరా పలచనైంది లేదా ఒత్తిడి ఎక్కువైంది. మొదటి ప్రూఫులో చీకటి చాలా ఎక్కువగా ఉంటే కంగారుపడొద్దు, అదే మంచిది. రెండు చుక్కల నూనె వేసి బర్నిషర్‌తో రుద్దుతూ చీకట్లోంచి వెలుగును బయటికి తేవచ్చు. పలచగా వచ్చిన ఛాయను ముదురు చేయాలంటే రోజిన్ మళ్లీ మొదటి నుంచి వేయాలి.

ప్రెస్ అందుబాటులో లేనివాళ్లు చెక్క లేదా లినో (లినోలియం పలక) వైపు పోవచ్చు. పెడనలో కలంకారీ అచ్చుల కోసం టేకు దిమ్మె చెక్కే సూత్రమే ఇక్కడా: చెక్కేసింది తెలుపు, మిగిలింది నలుపు. సిరా పలచగా ఎక్కించి, కాగితం వెనక గుండ్రటి చెంచాతో రుద్దితే చాలు. కేథే కొల్విట్జ్ కొడుకు పీటర్ 1914 అక్టోబరులో యుద్ధంలో చనిపోయాడు. ఆమె 1921-22లో యుద్ధం మీద 7 చెక్క అచ్చులు చేసింది. వాటిలో యుద్ధభూమి లేదు. ఒకదాంట్లో తల్లులు పిల్లల్ని చుట్టేసి ఒకే నల్లటి ముద్దగా నిలబడ్డారు. ఉలికి సన్నని ఛాయలు రావు కాబట్టి ఆ పద్ధతిలో గుంపును, కౌగిలిని, ముడుచుకున్న వీపును ఎంచుకోండి. బయొనెట్ మొనల్ని రాగికే వదిలేయండి.

కింద రాత పెట్టాలనుకుంటే రెండు మూడు మాటలు మించొద్దు. గోయా 44వ రేకు కింద 'నేను చూశాను' అని మాత్రమే ఉంది. తెలుగులో రాస్తే తలకట్టు, గుడి తిరగబడి ఎటు పోతాయో చేతికి అలవాటు ఉండదు, కాబట్టి బొమ్మను ఎక్కించినట్టే అక్షరాల్నీ కాగితం మీద రాసి బోర్లించి ఎక్కించండి.

అచ్చులు బ్లాటింగ్ కాగితాల మధ్య, పైన బరువైన పలక పెట్టి, రోజూ కాగితాలు మారుస్తూ నాలుగైదు రోజులు ఆరనివ్వండి. రేకు గీతల్లో ఎండిన సిరా మిగిలితే తర్వాతి అచ్చులో ఆ గీత రాదు. కిరోసిన్‌తో బ్రష్ పెట్టి కడిగి, ఆస్ఫాల్టమ్ పలచగా పూసి, కాగితంలో చుట్టి పొడిచోట దాచండి. గోయా రేకుల్ని ఆయన మరణం తర్వాత కుటుంబం దాచి ఉంచింది కనుకనే 1862లో అకాడమీ వాటిని కొనగలిగింది. అవి ఇప్పుడు మాడ్రిడ్‌లో ఆ అకాడమీ అచ్చుల విభాగమైన కాల్కోగ్రఫియా నేషనల్‌లో ఉన్నాయి.